ఒరే ఊసి

కొరుక్కుపేట సెంటర్లో బుధవారం.
నీలం డబ్బా మూత తీస్తే
ఐసు పొగ కాస్త లేచి ఫ్యాను గాలికి పోయింది.
వరసలో మేం పదకొండో వాళ్ళం.
గూడ్సు షెడ్డులో సగం రోజు కూలి వదులుకుని
పెంచలమ్మ పక్కన నుంచున్నాను,
ముంజేతి మీద
నలభై మూడు రోజుల పిల్ల.

"ఒరే ఊసి" అంది సెల్వరాణి సిస్టర్.
నన్నే పిలిచిందనుకుని "ఆఁ అక్కా" అన్నాను.
బెంచీలన్నీ నవ్వాయి.
ఒకే ఒక్క సూది అని.
ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నవాణ్ణి, తెలియకేం.
భయమేస్తే చెవులు
సొంత భాషలోకి పారిపోతాయి.

ఒక్క సూదిలో అయిదు జబ్బులకి మందట.
అయిదా?
నాకు బరువులు తెలుసు.
యాభై కిలోల బస్తా వీపున పడ్డప్పుడు
మోకాలు ఏమంటుందో తెలుసు.
నాలుగు కిలోలైనా లేని దీని మీద
అయిదు మూటలు ఒక్కసారే ఎత్తుతారా?
తడవకొకటి కుదరదా అక్కా?

"అయిదుసార్లు ఏడుస్తుంది.
అయిదుసార్లు నీ కూలి పోతుంది.
మూడోసారికే రావు నువ్వు" అంది,
కోపంగా కాదు, సీసా ఊపుతూ.
లోపల బియ్యం కడుగులా తెల్లగా, మసగ్గా.
పోలియోకి వేరే, విరేచనాలకి చుక్కలు వేరే,
ఆ లెక్క తర్వాత.

గోడ మీది పేర్లు వేలు పెట్టి చదివింది తమిళంలో.
లారీలోంచి దింపుకున్నట్టు
ఒక్కొక్కటే మా ఇంటి మాటలోకి దింపుకున్నాను.
తొండై అడైప్పాన్ అంటే మా కంఠసర్పి,
నాయనమ్మ ఆ పేరు దీపాలవేళ పలకనిచ్చేది కాదు.
ధనుర్వాతం: కొడవలి గీసుకుని
విల్లులా వంగిపోయిన పోలయ్య బాబాయి.
కాలేయాన్ని తినే కామెర్లు.
కోరింత దగ్గు.
దీని దగ్గర ఆగాను.
నా తర్వాత పుట్టినవాడు, దగ్గి దగ్గి
చివర్న ఊపిరి లోపలికి లాగే ఆ కూత.
గాడిద పాలు పట్టారు.
ఉగ్గుగిన్నెలో సగం మిగిలాయి.
ఇప్పటికీ మా సందులోకి గాడిదను తోలుకొస్తుందొకామె.
ఆ కేక వినబడితే
అమ్మ తలుపు వేసేసుకుంటుంది.

అయిదోదానికి మా భాషలో పేరు దొరకలేదు.
ఊపిరితిత్తుల్లో, మెదడు పొరల్లో దూరుతుందట.
పేరు చెప్పకుండానే ఎన్ని గుడిసెల కొచ్చిపోయిందో,
"జ్వరమొచ్చి పోయింది పిల్ల" అని
ఎంతమంది ఊరుకున్నారో.

అప్పుడు తట్టింది.
షెడ్డులో మేం మూట విప్పి చూడం.
మీది ముద్ర చూస్తాం, చాలు.
ఎవరిది, ఎటు పోవాలి, దేన్ని గేటు దాటనివ్వకూడదు,
చేతులకే తెలిసిపోతుంది.
దీనికిచ్చేవి మూటలు కావు,
మూటల మీది ముద్రలు.
అయిదేం, ముప్పై మంది సేట్ల ముద్రలు
అక్షరం రాకుండానే నేర్చాను నేను.
దీనికి వీధి గాలీ, నా చేతుల మట్టీ
రోజూ ఎన్ని చూపిస్తున్నాయో.
సిస్టర్‌తో అంటే
"అంతే. ఇప్పుడు కాలు గట్టిగా పట్టుకో" అంది.

ఎడమ తొడ.
ముఖమంతా నోరైంది, శబ్దం లేదు.
తర్వాత వచ్చిందీ ఏడుపు,
గూడ్సు బండి కూత ఏపాటి!

రాత్రి ఒళ్ళు వెచ్చబడింది.
వస్తుందనే చెప్పింది,
బరువు చూసి చుక్కల మందు కొలత రాసిచ్చింది.
తొడ మీద శనగగింజంత గట్టి.
రుద్దొద్దంది.
నా వేలు అక్కడిదాకా వెళ్ళి వెనక్కొచ్చింది.
లోపలెవరో చిన్న దీపం పెట్టుకుని
వల్లె వేస్తున్నట్టుంది.

పెంచలమ్మ మళ్ళీ కార్డు విప్పి చదివింది.
పదో వారం, పద్నాలుగో వారం.
ఒక్కసారికే ముద్రలు పట్టుబడవట.
పిల్ల పేరు రాసేచోట
"పెంచలమ్మ బిడ్డ" అని ఉంది.
దీనికీ ఆ అయిదోదానికీ
మా ఇంట్లో ఇంకా పేర్లు లేవు,
అయినా ఇవాళ ఇది దాన్ని గుర్తుపట్టడం మొదలెట్టింది.
వచ్చే బుధవారం కాదు, ఆ పైది కాదు,
నాలుగో బుధవారం లోపు
ఒక పేరు వెతకాలి.